అమెరికాలో పీజీ దరఖాస్తు – 3వ పాఠం: గ్రేడ్లు ఒక చేత, క్యాలెండరు ఒక చేత

కిందటి పాఠంలో డిగ్రీలో చదివిన కోర్సులన్నిటినీ పట్టికగా రాసుకోమన్నాను: కోర్సు పేరు, క్రెడిట్లు (కోర్సు బరువు చెప్పే అంకె), వచ్చిన గ్రేడు. ఆ కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని ఈ పాఠం చదవండి. ఈ రోజు దాని పక్కన మరో గడి చేరుతుంది. ఏ గ్రేడు ఏ నెలలో మీ ట్రాన్స్‌స్క్రిప్ట్ మీదికి ఎక్కుతుందో చెప్పే గడి అది. ట్రాన్స్‌స్క్రిప్ట్ అంటే మీ కోర్సులు, గ్రేడ్లు చూపే అధికారిక పత్రం.

ముందు లెక్క. అమెరికా కొలమానంలో ఏ అంటే 4, బి అంటే 3, సి అంటే 2. చాలాచోట్ల ఏ మైనస్‌కు 3.7, బి ప్లస్‌కు 3.3. ప్రతి కోర్సులో గ్రేడు విలువను క్రెడిట్లతో గుణించి, వచ్చినవన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, వస్తుంది. క్రెడిట్లతో గుణించడం మరవకండి. 4 క్రెడిట్ల కోర్సులో వచ్చిన సి దెబ్బను 1 క్రెడిట్ ల్యాబులో తెచ్చుకున్న ఏ పూడ్చలేదు. మీ విశ్వవిద్యాలయం వేరే కొలమానంలో మార్కులిస్తే, దరఖాస్తు ఫారం అడిగితే తప్ప మీరుగా మార్చి రాయకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి.

అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్లలో (పీజీ, పీహెచ్‌డీ చదువులు నడిపేవి) చాలావాటికి 3.0 కనీస జీపీఏ. ఇది గుమ్మం మాత్రమే. దాటినంత మాత్రాన సీటు రాదు, అందనంత మాత్రాన తలుపు పూర్తిగా మూసుకుపోదు. విభాగం గట్టిగా కోరితే షరతులతో చేర్చుకునే వెసులుబాటు చాలాచోట్ల ఉంది. అయినా గుమ్మం బయట నిలబడి అడగడం కంటే దాటి వెళ్లి అడగడం మేలు. దాటడానికి కొన్నిసార్లు ఒక్క సెమిస్టర్ చాలు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ సేపు ఒకే ఉదాహరణ దగ్గర ఆగుదాం.

ఒక విద్యార్థిని మూడేళ్లలో 90 క్రెడిట్లు పూర్తి చేసింది. మొదటి 30 క్రెడిట్లలో సగటు 2.3, తర్వాతి 60 క్రెడిట్లలో 3.2. మొత్తం జీపీఏ 2.9. నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్‌లో 15 క్రెడిట్లు తీసుకుని 3.8 తెచ్చుకుంటే? 90ని 2.9తో గుణిస్తే 261. 15ని 3.8తో గుణిస్తే 57. మొత్తం 318. దాన్ని 105తో భాగిస్తే 3.03. గుమ్మం దాటింది.

ఇప్పుడు తేదీలు చూడండి. ఆ సెమిస్టర్ గ్రేడ్లు వచ్చేది డిసెంబరు చివర్లో. గడువు డిసెంబరు 15 అయిన చోట ఆమె ట్రాన్స్‌స్క్రిప్ట్ 2.9 అనే చెబుతుంది. గడువు ఫిబ్రవరి 1 అయిన చోట అదే ట్రాన్స్‌స్క్రిప్ట్ 3.03 అంటుంది. చదివింది ఒకే మనిషి, పరీక్షలు అవే. మారింది తేదీ ఒక్కటే. ఇది ఎవరూ ముందుగా చెప్పక ఎందరో నష్టపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఈ ఉదాహరణలో మరో విషయం ఉంది. అదే 3.8 ఆమెకు 30 క్రెడిట్ల దగ్గరే వచ్చి ఉంటే జీపీఏ 2.3 నుంచి 2.8కి ఎగబాకేది. 90 దగ్గర 0.13 మాత్రమే కదిలింది. క్రెడిట్లు పెరిగేకొద్దీ జీపీఏ బరువెక్కి కదలడం మానేస్తుంది. ఈ కారణంగానే కొన్ని విభాగాలు చివరి 60 క్రెడిట్ల సగటును విడిగా చూస్తాయి. ఆమె చివరి 60 క్రెడిట్లలో 45 క్రెడిట్లకు 3.2, 15కు 3.8 అనుకుంటే సగటు 3.35. మొత్తం జీపీఏ కంటే ఈ అంకె ఆమె సంగతి సరిగ్గా చెబుతుంది. ఫారంలో గడి ఉంటే అక్కడ, లేకపోతే ఉద్దేశ పత్రంలో (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) ఒకే వాక్యంలో రాయాలి. మొదటి ఏడాది ఎందుకు తగ్గిందో పేజీలకు పేజీలు రాయనవసరం లేదు.

గడువుల్లో మూడు రకాలున్నాయి. పీహెచ్‌డీలకు సాధారణంగా ఒకే గడువు, ఎక్కువగా డిసెంబరులో. ప్రవేశాల కమిటీ గడువు తర్వాతే దరఖాస్తుల కట్ట విప్పుతుంది కాబట్టి అక్టోబరులోనే పంపితే అదనంగా కలిసొచ్చేది ఏమీ లేదు. ఆ సమయాన్ని ఉద్దేశ పత్రం మీద పెట్టండి. ఎంబీఏలకు విడతలుంటాయి. మొదటిది సెప్టెంబరు ప్రాంతంలో, రెండోది జనవరి మొదట్లో. చివరి విడతకు సీట్లు తక్కువే మిగులుతాయి. మూడోది రోలింగ్ పద్ధతి, చాలా మాస్టర్స్ కోర్సుల్లో కనిపిస్తుంది. వచ్చినవి వచ్చినట్టు చదివి నిర్ణయిస్తారు. ఇక్కడ మాత్రం ఆలస్యం నిజంగా ఖరీదైనది. ఆర్థిక సాయానికి వేరే ముందస్తు గడువు ఉందేమో కూడా చూడండి. చాలామంది కళ్లు అసలు గడువు మీదే ఉంటాయి, సాయం తేదీ దాటిపోతుంది.

మరి రోలింగ్ కోర్సుకు నవంబరులో 2.9తో పంపాలా, జనవరిలో 3.03తో పంపాలా? కనీస జీపీఏ 3.0 అని స్పష్టంగా రాసి ఉంటే ఆగమంటాను. 3.0 సూచన మాత్రమే అయితే ముందు పంపి, గ్రేడ్లు రాగానే కొత్త ట్రాన్స్‌స్క్రిప్ట్ చేర్చవచ్చా అని గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌ను మర్యాదగా అడగండి. డిసెంబరులో పంపిన పీహెచ్‌డీ దరఖాస్తులకూ ఇదే చేయవచ్చు. నిరీక్షణ జాబితాలో (వెయిట్‌లిస్ట్) ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. గ్రాడ్యుయేట్ స్కూళ్ల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాలు ఆర్థిక సాయంతో సీటిచ్చిన విద్యార్థికి ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే వ్యవధి ఇస్తాయి. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ కొందరు సీట్లు వదులుకుంటారు, జాబితా కదులుతుంది.

సీటు వచ్చాక చివరి సెమిస్టర్‌ను వదిలేయకండి. చేరేముందు తుది ట్రాన్స్‌స్క్రిప్ట్ అడుగుతారు. డిగ్రీ పూర్తికాకపోయినా, గ్రేడ్లు కూలిపోయినా ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు.

ఈ వారం అభ్యాసం. మీ పట్టిక నుంచి మొత్తం జీపీఏ, చివరి 60 క్రెడిట్ల సగటు లెక్కించండి. తర్వాతి సెమిస్టర్‌లో 3.5 వస్తే ఎంత అవుతుందో, 3.8 వస్తే ఎంత అవుతుందో పక్కనే రాయండి. మీరు ఎంచుకున్న ఆరు కోర్సుల గడువులను వాటి కింద వరుసగా పెట్టి, గ్రేడ్లు వెలువడే తేదీ దగ్గర ఒక అడ్డగీత గీయండి. గీతకు ముందున్న కోర్సులకు మీరు చూపబోయేది పాత అంకె, తర్వాతున్న వాటికి కొత్త అంకె. కొత్త అంకె లేనిదే గుమ్మం దాటలేని కోర్సు గీతకు ముందు ఉంటే, దాని బదులు మరొకటి వెతకండి. సిఫారసు లేఖలు రాసేవారిని గడువుకు కనీసం ఆరు వారాల ముందు అడగాలి కాబట్టి ఆ తేదీలనూ అదే కాగితం మీద గుర్తుపెట్టండి. 4వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.