హంపి రెండు రోజుల్లో: ఏ పూట ఎక్కడ ఉండాలి

విజయనగర రాజధాని శిథిలాలు తుంగభద్ర ఒడ్డున సుమారు 40 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి. దగ్గరి పట్టణం హోసపేటలో పొద్దున ఆటో ఎక్కి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లు ఇందులో పదోవంతు కూడా నిదానంగా చూడలేరు. పైగా మిట్టమధ్యాహ్నం నీడలేని రాజప్రాంగణంలో తిరిగి తిరిగి, అన్నీ ఒకేలా ఉన్నాయన్న విసుగుతో వెనక్కొస్తారు. రెండు పూర్తి రోజులు కేటాయించండి. నదికి అవతలి ఒడ్డున ఉన్న ఆనెగొంది కూడా చూడాలంటే మూడో రోజు కావాలి.

ముందు నగరం అమరిక మనసులో పెట్టుకోవాలి. నది వెంట గుళ్లున్నాయి: విరూపాక్ష, అచ్యుతరాయ, విఠల. దక్షిణాన, కమలాపురం వైపు రాజప్రాంగణం ఉంది: మహర్నవమి దిబ్బ, హజారరామ దేవాలయం, లోటస్ మహల్, ఏనుగుల శాల. ఈ రెంటికీ మధ్య అరటి తోటలు, వరి మళ్లు. ఆనాటి తుర్తు కాలువ నీళ్లు ఇప్పటికీ వాటికి పారుతున్నాయి. నది వెంట ఉన్నవి కాలినడకన చూడాల్సినవి. రాజప్రాంగణం చదునైన నేల, దానికి సైకిలో ఆటోనో చాలు.

చేరుకోవడం

మనవైపు నుంచి వచ్చే రైళ్లకు గుంతకల్లే కీలకం. నరసాపురం–హుబ్బళ్లి అమరావతి ఎక్స్‌ప్రెస్ విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా హోసపేట చేరుతుంది. తిరుపతి–కొల్హాపూర్ హరిప్రియ ఎక్స్‌ప్రెస్ కడప, గుంతకల్లు మీదుగా వస్తుంది. హోసపేట స్టేషన్ నుంచి హంపి 13 కిలోమీటర్లు. బస్టాండు నుంచి సిటీ బస్సులు తరచుగా ఉంటాయి గానీ రాత్రి పొద్దుపోయాక దొరకవు. హోసపేట, బళ్లారి ప్రాంతంలో తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామంది ఉంటారు, బేరానికి భాష అడ్డం రాదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అదీగాక బండరాళ్లు పొద్దంతా కాగి రాత్రి దాకా సెగ వదులుతూనే ఉంటాయి. వానాకాలంలో కొండలు పచ్చగా ఉంటాయి, కానీ ఎగువన తుంగభద్ర డ్యాం గేట్లు ఎత్తితే నది ఒడ్డు దారి, పురందర మండపం మునుగుతాయి. పడవలు, పుట్టులు (గుండ్రటి బుట్ట పడవలు) ఆపేస్తారు.

బస ఎటువైపు?

బుకింగ్‌లో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే. మ్యాపులో ఉత్తరపు ఒడ్డున సణాపురం వైపు వసతులు విరూపాక్ష గుడికి దగ్గర్లోనే కనిపిస్తాయి. మధ్యలో నది ఉంది. పడవ పగటిపూటే నడుస్తుంది, ప్రవాహం పెరిగితే అదీ ఉండదు. అప్పుడు కడెబాగిలు వంతెన మీదుగా సుమారు 20 కిలోమీటర్లు చుట్టి రావాలి. సూర్యోదయానికి మాతంగ కొండ మీద ఉండాలనుకునేవాళ్లు ఉత్తరపు ఒడ్డున దిగకూడదు. హంపి ఊళ్లోనో కమలాపురంలోనో గది చూసుకోండి. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే హోసపేట హోటళ్లు సౌకర్యం. హంపి ఊళ్లో మాంసం, మద్యం ఉండవు.

మొదటి రోజు: టికెట్ చెప్పిన వరుస

పురావస్తు శాఖ టికెట్ భారతీయులకు 40 రూపాయలు, 15 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం. విఠలాలయంలో కొన్న టికెట్టే లోటస్ మహల్, ఏనుగుల శాల ఉన్న జనానా ఆవరణకు, కమలాపురం మ్యూజియానికి కూడా పనికొస్తుంది, కానీ ఆ ఒక్క రోజే. విఠలాలయం ఒక రోజు, లోటస్ మహల్ మరో రోజు పెట్టుకుంటే రెండుసార్లు కొనాలి. అందుకని ఈ మూడూ మొదటి రోజే. వెలుగు కూడా ఈ వరుసకే కుదురుతుంది: విఠలాలయం తూర్పు ముఖం, ఏనుగుల శాల పడమటి ముఖం.

చీకటి ఉండగానే మాతంగ కొండ ఎక్కండి. అరగంట పైన పడుతుంది. మెట్లు కొన్నిచోట్ల విరిగి, అరిగి ఉన్నాయి కాబట్టి టార్చి, పట్టున్న బూట్లు తప్పనిసరి. ఒంటరిగా వెళ్లొద్దు. వాన పడిన మర్నాడు అసలు వద్దు, రాయి జారుతుంది. పైన వీరభద్ర గుడి దగ్గర నుంచి అచ్యుతరాయ దేవాలయం మొత్తం, ప్రాకారాలతో, ఎదుట బజారుతో సహా, గీసిన పటంలా కనిపిస్తుంది. హంపి మొత్తంలో ఒక్కచోటికే వెళ్లగలిగితే ఇక్కడికే వెళ్లమంటాం.

దిగేటప్పుడు అచ్యుతరాయ గుడి వైపు దిగండి. 1534 నాటి ఈ గుడి విఠలాలయానికి ఏమాత్రం తీసిపోదు, జనం మాత్రం పలచగా ఉంటారు. దాని ముందున్న బజారు గుండా ఉత్తరానికి నడిస్తే నది, అక్కడ కుడికి తిరిగితే సుగ్రీవ గుహ, రాజతులాభారం, ఆపైన విఠలాలయం. గేటు తెరిచే ఎనిమిదిన్నరకల్లా చేరితే బస్సుల జనం కంటే ముందుంటారు. 50 రూపాయల నోటు వెనక ఉన్న రాతిరథం ఇదే. ఏకశిల అనుకుంటారు గానీ రాళ్లు పేర్చి అతుకులు కనపడకుండా కట్టింది. దగ్గరగా చూస్తే అతుకులు గుర్తుపట్టవచ్చు. అది గరుడుడి గుడి. సంగీత స్తంభాలను కొట్టడం నిషేధం. మీటి మీటి చాలా స్తంభాలు దెబ్బతిన్నాయి, దయచేసి గైడు ఆశపెట్టినా చెయ్యి వెయ్యొద్దు.

ఆటోను హంపి బజారులో వదిలేసి, విఠలాలయం పార్కింగ్ దగ్గరికి రమ్మని ముందే మాట్లాడుకోండి. గుడి నుంచి పార్కింగ్ దాకా కిలోమీటరు, బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి. రోజు కిరాయి మాట్లాడేటప్పుడు చూడాల్సిన చోట్ల పేర్లన్నీ చెప్పి, విడిచే వేళ కూడా తేల్చుకోండి. "హంపి మొత్తం" అని బేరమాడితే నాలుగైదు చోట్లతో సరిపెడతారు.

పదకొండు నుంచి మూడు దాకా కమలాపురం. భోజనం, ఆపైన మ్యూజియం. అక్కడ ఆవరణలో ఉన్న హంపి నమూనా ఒక పావుగంట చూస్తే పొద్దున నడిచిన దారి, సాయంత్రం వెళ్లే చోటు రెండూ తేటపడతాయి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.

మూడున్నరకు జనానా ఆవరణ. ఏనుగుల శాలలో 11 గదులు వరుసగా ఉంటాయి, వాలుపొద్దు నేరుగా వాటి మీద పడుతుంది. తర్వాత హజారరామ దేవాలయం. గోడల మీద రామాయణం మూడు వరుసల్లో ప్రదక్షిణ దిశలో సాగుతుంది. ఎడాపెడా చూస్తే కథ తెగిపోతుంది, ఒక్కో వరుస పట్టుకుని తిరగండి. ప్రాకారం బయటి వైపు ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నర్తకీమణుల ఊరేగింపు ఉంది, అది వదలొద్దు. చివరగా మహర్నవమి దిబ్బ. పక్కనే 1980లలో తవ్వకాల్లో బయటపడిన మెట్ల కోనేరు. దాని నల్లరాళ్ల మీద ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో పెట్టాలో తెలిపే గుర్తులు చెక్కి ఉన్నాయి. కిందికి దిగనివ్వరు, పైనుంచే చూడాలి.

రెండో రోజు

పొద్దున విరూపాక్షుడు. ఇక్కడ నిత్యపూజలు సాగుతున్నాయి, మధ్యాహ్నం గర్భగుడి మూస్తారు. రంగమండపం శ్రీకృష్ణదేవరాయలు 1510లో కట్టించినది, పైకప్పు చిత్రాలకు మెడ నొప్పెట్టేదాకా సమయం ఇవ్వండి. గర్భగుడి వెనక చీకటి గదిలో గోపురం నీడ తలకిందులుగా గోడ మీద పడుతుంది. ఆకాశం తేటగా ఉంటేనే స్పష్టంగా కనిపిస్తుంది. అరటిపళ్ల సంచి చేతిలో పట్టుకుని తిరగొద్దు, కోతులు లాక్కుంటాయి.

అక్కడినుంచి దక్షిణానికి నడకే: హేమకూటం, ససివెకాళు గణపతి, కడలెకాళు గణపతి, కృష్ణాలయం. నెల్లూరు జిల్లా ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలిచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం రాయలు 1515లో కట్టించిన గుడి ఇది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కాస్త ముందుకు వెళ్తే 6.7 మీటర్ల లక్ష్మీనరసింహ విగ్రహం (1528), పక్కనే నీళ్లలో నిలిచిన బడవిలింగం. నరసింహుడిదీ తూర్పు ముఖమే, పదింటిలోపు చేరండి.

సాయంత్రం సూర్యాస్తమయానికి హేమకూటానికి జనమంతా చేరతారు. మాల్యవంత కొండ మీది రఘునాథాలయం వెనక బండలు దానికంటే ప్రశాంతంగా ఉంటాయి, పైదాకా రోడ్డుంది.

ఆనెగొంది

హనుమంతుడి గుడి ఉన్న అంజనాద్రి కొండకు 575 మెట్లు. శనివారం, హనుమజ్జయంతి రోజుల్లో రద్దీ విపరీతం. మంత్రాలయం యాత్రతో కలిపి వచ్చేవాళ్లు నవబృందావనానికి వెళ్తారు. రాఘవేంద్రస్వామి గురువు సుధీంద్రతీర్థుల బృందావనం (సమాధి) అక్కడుంది. అది నదిలో దీవి, ఏటి మట్టం చూసుకునే బయలుదేరండి. సణాపురం చెరువులో పుట్టి ఎక్కితే లైఫ్‌జాకెట్ అడిగి తొడుక్కోండి, గిర్రున తిప్పొద్దని ముందే చెప్పండి.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, చిల్లర నోట్లు వెంట ఉండాలి. రాళ్ల మధ్య సిగ్నల్ పోతుంది, ఫోన్ చెల్లింపుల మీదే ఆధారపడొద్దు. డ్రోను ఎగరేయడం నిషేధం, ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలి. పొద్దున్నే తినడానికి హోసపేటలో మండక్కి ఒగ్గరణె, మిర్చి దొరుకుతాయి. మన రాయలసీమ ఉగ్గాని బజ్జీయే. మాతంగ కొండ దిగాక విఠలాలయం దాకా సరైన హోటలు ఉండదు, ఏదో ఒకటి పొట్లం కట్టించుకునే బయలుదేరండి.