మూతి సడన్‌గా ఒక పక్కకి పోతే ఏం చేయాలి, ఏం చేయకూడదు

పొద్దున లేచి నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తుంటే ఒక పక్క నుంచి కారిపోతాయి, అద్దంలో చూస్తే మూతి వంకర, ఒక కన్ను మూద్దామంటే మూసుకోదు. చాలామందికి ఇది ఇలాగే బయటపడుతుంది, పక్షవాతం వచ్చేసిందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. హడలిపోవడం తప్పేం కాదు, ముందు తేల్చుకోవాల్సింది కూడా అదే, స్ట్రోకా (మెదడులో రక్తనాళం మూసుకుపోయో చిట్లో వచ్చే పక్షవాతం) కాదా అని.

కనుబొమ్మలు రెండూ పైకెత్తమనండి. నుదుటి కండరాలకి మెదడు రెండు వైపుల నుంచీ సిగ్నల్ వస్తుంది కాబట్టి స్ట్రోక్‌లో మామూలుగా నుదుటి మీద ముడతలు రెండు పక్కలా పడతాయి, కింద మూతి ఒక్కటే జారుతుంది. అదే ముఖానికి వచ్చే నరం దెబ్బతింటే ఆ పక్క నుదురు, కన్ను, మూతి అన్నీ పడిపోతాయి, నుదురు నున్నగా ఉండిపోతుంది. కానీ ఈ ఒక్క టెస్ట్ చూసి ఇంట్లో కూర్చోకండి, కొన్ని రకాల స్ట్రోక్‌లలో నుదురు కూడా పడిపోతుంది. చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, నడిస్తే తూలినా వెంటనే అంబులెన్స్ పిలవాలి. ఇవేవీ లేకపోయినా అదే రోజు డాక్టర్ దగ్గరకి వెళ్ళాలి, రేపు చూద్దాం అనుకోవద్దు.

ఇంకో మాట, మూతి ఎటు లాగిందో అటు జబ్బు అనుకుంటారు చాలామంది, నిజానికి బాగున్న పక్కే లాగుతుంది, పడిపోయింది రెండో పక్క.

స్ట్రోక్ కాదని తేలితే ఎక్కువగా కనపడేది బెల్స్ పాల్సీ, అంటే ముఖ నరం వాచి ఒక పక్క ముఖం పడిపోవడం. ఏటా లక్ష మందిలో 15 నుంచి 30 మందికి వస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళకి, గర్భిణులకి చివరి నెలల్లో కొంచెం ఎక్కువ. ముఖాన్ని కదిలించే ఈ నరం (ఏడో కపాల నరం) చెవి వెనక ఎముకలో సన్నటి గొట్టం లాంటి దారిలోంచి వస్తుంది, అక్కడ నరం వాచిందంటే ఆ వాపు పోవడానికి చోటుండదు, నరమే నలిగిపోతుంది. వైరస్ వల్ల అని అనుమానం. ఈ నరం ఒక్క కదలికలే చూసుకోదు కాబట్టి నాలుక ముందు భాగంలో రుచి తగ్గడం, ఆ పక్క చెవిలో చిన్న శబ్దం కూడా గట్టిగా వినపడటం, చెవి వెనక నొప్పి ఇవన్నీ ఉండొచ్చు. చెవిలో పొక్కులు వచ్చాయా అని మాత్రం తప్పకుండా చూడండి, ఉంటే అది ఆటలమ్మ వైరస్ పని, దానికి యాంటీవైరల్ మందులు కూడా కావాలి, డాక్టర్‌కి చెప్పకుండా ఉండొద్దు.

తొందర ఎందుకంటే, స్టెరాయిడ్ టాబ్లెట్లు 72 గంటల లోపు మొదలుపెడితేనే గట్టి లాభం. స్టెరాయిడ్ పేరు వినగానే భయపడి మానేస్తుంటారు, ఇది కొద్ది రోజుల కోర్సే. షుగర్ ఉంటే ముందే చెప్పండి, అది పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి.

ఇక అందరూ మర్చిపోయేది కన్ను. మూతి గురించే ఏడుస్తారు గానీ మూతి చాలామందికి దానంతటదే వస్తుంది, కన్ను ఎండిపోయి కార్నియా (నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొర) మీద పుండు పడితే మాత్రం చూపుకే ఎసరు. రెప్ప పడదు కాబట్టి పగలంతా కృత్రిమ కన్నీళ్ళ చుక్కలు తరచుగా వేసుకోవాలి, రాత్రి కంటి ఆయింట్‌మెంట్ పెట్టుకుని, రెప్ప పూర్తిగా మూసుకున్నాకే పైన టేప్ వేసుకోవాలి (సగం తెరిచిన కంటి మీద దూది పెట్టి కట్టేస్తే ఆ దూదే కార్నియాని గీకేస్తుంది), బయటికెళ్తే కళ్ళద్దాలు, ఫ్యాన్ గాలి మొహానికి తగలకుండా పడుకోవడం. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, మసకబారినా అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి.

తినేటప్పుడు బాగున్న పక్క నమలండి, తిన్నాక చెంపలో ఇరుక్కున్నది తీసేసి నోరు కడుక్కోండి లేకపోతే పళ్ళు పాడవుతాయి.

రెండు మూడు వారాల్లో చిన్నగా కదలిక మొదలవుతుంది, ఎక్కువమందికి మూడు నుంచి ఆరు నెలల్లో మామూలైపోతుంది. ఈ మధ్యలో ఎవరో చెప్పారని కరెంట్ పెట్టించుకోవడం, బలవంతంగా మొహం మెలికలు తిప్పడం వద్దు, కరెంట్ వల్ల లాభం ఉందని గట్టి ఆధారం లేదు, వ్యాయామాలు చేస్తే ఫిజియోథెరపిస్ట్ చూపించినట్టు అద్దం ముందు మెల్లగా చేయాలి. కొందరికి నరం తిరిగి పెరిగేటప్పుడు దారి తప్పుతుంది, నవ్వితే కన్ను మూసుకుపోవడం, తింటుంటే కంట్లో నీళ్ళు కారడం లాంటివి వస్తాయి, దానికి ప్రత్యేకమైన ఫిజియోథెరపీ, బోటాక్స్ (కండరాన్ని వదులు చేసే మందు) ఇంజెక్షన్లు ఉన్నాయి. మూడు నెలలైనా పూర్తిగా రాకపోతే న్యూరాలజిస్ట్‌కి (నరాల డాక్టర్‌కి) చూపించండి. మధ్యలో ఇంకా పెరుగుతూ పోయినా, రెండో పక్క కూడా పడిపోయినా అది బెల్స్ పాల్సీ కాకపోవచ్చు, స్కాన్ అవసరమేమో ఆయన్ని అడగండి.