రోడ్డు పక్క యుద్ధ ఫలకాన్ని చదవడం ఎలా

వర్జీనియాలో షాంటిలీ, ఫెయిర్‌ఫాక్స్ వైపు ఉండే తెలుగువాళ్లం రూట్ 50, రూట్ 29 మీద నిత్యం తిరుగుతూనే ఉంటాం. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1862 సెప్టెంబర్ 1న ఈ రెండు దారుల మధ్యే ఆక్స్ హిల్ యుద్ధం జరిగింది. ఈ రాష్ట్రంలో ఇలాంటి చోట్ల చరిత్ర చెప్పే వెండి రంగు పలకలు నిలబెట్టడం 1927లోనే మొదలైంది. వాటిని కారులోంచి చూసి సాగిపోవద్దని నా మనవి.

హైవే అంచున మాత్రం ఆపకండి. అనుమతి ఉన్న చోట కారు నిలిపి నడిచి రండి.

నేను ఫలకాన్ని అడుగు నుంచి చదువుతాను. ఏ సంస్థ, ఏ సంవత్సరంలో పెట్టిందో చివరి వరుసలో ఉంటుంది. పాతవాటిలో ఏ సేనాని ఎటు కదిలాడన్నదే ఎక్కువ. ఆ యుద్ధానికి మూలమైన బానిసత్వం ఊసు అరుదు. ఆ సంవత్సరం చూశాక మిగతా వాక్యాలను ఎలా తీసుకోవాలో తెలుస్తుంది. పైన అక్షరం, అంకె కలిసిన గుర్తు ఉంటుంది. దాన్ని ఫోనులో ఫోటో తీసుకోండి. ఇంటికి వెళ్లి దానితో వెతికితే పూర్తి పాఠం దొరుకుతుంది.

తర్వాత దిక్కు, దూరం చెప్పే మాటలు పట్టుకోండి. పలక రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కనబడే చోట ఉంటుంది. అసలు నేల కాస్త ఎడంగా ఉండవచ్చు. అందుకే చేతిలో మ్యాపు ఉండాలి.

ఆక్స్ హిల్ దగ్గర మ్యాపు తెరిస్తే కథంతా అర్థమవుతుంది. పడమరనున్న మనాసస్‌లో ఓడిన ఉత్తరాది సేనాని జాన్ పోప్ సైన్యం నేటి రూట్ 29 దారిలో వాషింగ్టన్ వైపు వెనుదిరుగుతోంది. దక్షిణాది సేనాని జాక్సన్ నేటి రూట్ 50 మీదుగా తూర్పుకు వస్తున్నాడు. తూర్పున ముందుకెళ్తే ఆ రెండు దారులు కలుస్తాయి. జాక్సన్ మొదట చేరితే పోప్‌కు దారి మూసుకుపోయినట్టే. జాక్సన్‌ను ఆపడానికి ఉత్తరాది సేనాని ఐజాక్ స్టీవెన్స్ ఎదురు వెళ్లాడు. సాయంత్రం ఉరుములతో కుంభవృష్టి. మందుగుండు తడిసి చాలా తుపాకులు పేలలేదు. జెండా మోసేవాళ్లు కూలిపోతుంటే న్యూయార్క్ 79వ దళం జెండాను స్టీవెన్స్ తానే అందుకున్నాడు. తలకు గుండు తగిలి అక్కడే పడిపోయాడు. మెక్సికో యుద్ధంలో ఎడమ చేయి పోగొట్టుకున్న మరో ఉత్తరాది సేనాని ఫిలిప్ కెర్నీ మసకచీకట్లో శత్రువుల మధ్యకే గుర్రం తోలుకుపోయి ప్రాణం కోల్పోయాడు. అతని దేహాన్ని దక్షిణాది సైన్యాన్ని నడిపిన రాబర్ట్ లీ తెల్లజెండాతో తిప్పి పంపించాడు.

ఆనాటి రణక్షేత్రంలో చాలా భాగం ఇప్పుడు దుకాణాలు, ఇళ్లు. వెస్ట్ ఆక్స్ రోడ్డు పక్కన 5 ఎకరాల లోపు పార్కు మిగిలింది. అందులో ఆ ఇద్దరు సేనానుల పేర్లతో 1915లో నిలిపిన రెండు రాళ్లున్నాయి. వాటికి స్థలమిచ్చిన జాన్ బల్లార్డ్ దక్షిణాది పక్షాన పోరాడినవాడు! పిల్లలను తీసుకెళ్తే ఇది తప్పక చెప్పండి. ఫలకాన్ని వాళ్ల చేతే బిగ్గరగా చదివించండి, ఉబ్బెత్తు అక్షరాలను వేలితో తడమనివ్వండి. నేల మాత్రం తవ్వనివ్వకండి.

వీలైతే ముందు రూట్ 29 మీద పడమరకు వెళ్లి మనాసస్ జాతీయ యుద్ధక్షేత్రం చూడండి. అక్కడి పోరు ఆగస్టు 28 నుంచి 30 వరకు సాగింది. అది చూసి అదే దారిలో వెనక్కి వస్తే, పోప్ సైన్యం నడిచిన దిక్కులోనే ఆక్స్ హిల్‌కు చేరుకుంటారు.