విదేశంలో ఒక సెమిస్టర్ చదవడం ఎలా?

విదేశంలో ఒక సెమిస్టర్ అనగానే అందరూ ముందు ఏ దేశమా అని ఆలోచిస్తారు. నన్నడిగితే ముందు తెరవాల్సింది మీ డిగ్రీ సిలబస్. అక్కడ చదివింది సొంత యూనివర్సిటీలో లెక్కకు రాకపోతే, తిరిగొచ్చాక ఆ సబ్జెక్టులన్నీ మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలి.

1. ఏడాది ముందే కదలండి

మీ యూనివర్సిటీకి ఏయే విదేశీ యూనివర్సిటీలతో విద్యార్థుల మార్పిడి (ఎక్స్‌ఛేంజ్) ఒప్పందం ఉందో అంతర్జాతీయ విభాగంలో అడగండి. ఒప్పందం కింద వెళ్తే మామూలుగా ట్యూషన్ ఫీజు సొంత యూనివర్సిటీకే కడతారు. ఐరోపాలో 1987లో మొదలైన విద్యార్థుల మార్పిడి కార్యక్రమం ఎరాస్మస్ నడిచేది ఇలాగే. సొంతంగా వెళ్తే మాత్రం అక్కడి ఫీజు భారం మీదే.

క్యాలెండర్ కూడా చూసుకోండి. జర్మనీలో శీతాకాలపు సెమిస్టర్ అక్టోబర్‌లో, జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతాయి. మీ పరీక్షలు పూర్తికాకముందే అక్కడ క్లాసులు మొదలైతే చిక్కే.

2. క్రెడిట్ల సంగతి కాగితం మీద తేల్చుకోండి

అసలు పని ఇదే. క్రెడిట్ అంటే ఒక సబ్జెక్టుకు ఎంత చదువు పడుతుందో కొలిచే లెక్క. ఐరోపాలో వాడే ఈసీటీఎస్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు. మీ క్రెడిట్‌కు ఎన్ని గంటలో కనుక్కుని పోల్చి చూడండి.

సబ్జెక్టు పేరు చూసి మోసపోకండి. రెండు చోట్లా ‘స్టాటిస్టిక్స్’ అనే ఉంటుంది. ఒకచోట సగం సెమిస్టర్ ప్రాబబిలిటీ సిద్ధాంతమే నడుస్తుంది, ఇంకోచోట రెండో వారం నుంచే కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. అందుకే వారాలవారీ సిలబస్ తెప్పించి మీ ప్రొఫెసర్‌కు పంపండి. కారిడార్‌లో ఆయన “సరేలే, చూద్దాం” అంటే అది ఒప్పుకున్నట్టు కాదు. మెయిల్‌లో జవాబు రావాలి. ఎరాస్మస్‌లో అయితే, అక్కడ ఏయే సబ్జెక్టులు చదువుతారో రాసుకునే లెర్నింగ్ అగ్రిమెంట్ మీద మీరు, రెండు యూనివర్సిటీలు, మొత్తం మూడు పక్షాలూ సంతకం చేయాలి.

కావాల్సినవి ఐదు సబ్జెక్టులైతే ఏడింటికి అనుమతి తీసుకోండి. నేను ఐదింటికే తీసుకుని వెళ్లాను. తీరా చూస్తే వాటిలో రెండు క్లాసులు మంగళవారం పొద్దున ఒకే టైముకి! కొత్త సబ్జెక్టుకు మళ్లీ సంతకాలు వచ్చేసరికి మూడు వారాలు టెన్షనే.

మార్కులు ఎలా మారుస్తారో కూడా ముందే అడగండి. జర్మనీలో 1.0 అంటే అందరికంటే పైన, 5.0 అంటే ఫెయిల్. ఆ స్కేలు తెలియనివాళ్ల చేతిలో మీ మార్కుల పత్రం పడితే కథ తలకిందులవుతుంది.

3. వీసా

అడ్మిషన్ లెటర్ రాగానే అపాయింట్‌మెంట్ పట్టుకోండి. ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల స్వల్పకాలిక వీసాతో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండనిస్తారు, సెమిస్టర్‌కు అది చాలదు. ఆ దేశం ఇచ్చే దీర్ఘకాలిక వీసా కావాలి. అమెరికాకు ఎక్స్‌ఛేంజ్ మీద వెళ్తే జె-1 వీసా. దానికి కావాల్సిన డీఎస్-2019 ఫారం మీ ఎక్స్‌ఛేంజ్‌ను స్పాన్సర్ చేసే సంస్థ నుంచే రావాలి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ లాంటి ఇంగ్లిష్ పరీక్షల స్కోర్లు అడిగితే గుర్తుంచుకోండి, అవి చెల్లేది రెండేళ్లే.

4. గది

హాస్టల్‌కు అప్లికేషన్ పెట్టడం వాయిదా వేయకండి. కంటితో చూడని గదికి, ముఖం తెలియని మనిషికి అడ్వాన్స్ పంపొద్దు.

5. దిగిన మొదటి రెండు వారాలు

ఊరు చూడటం తర్వాత. సబ్జెక్టులు మార్చుకునే గడువు తేదీ ముందు రాసుకోండి. చాలా దేశాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికీ గడువుంటుంది. పరీక్షకు విడిగా పేరు నమోదు చేసుకోవాలేమో అడగండి. క్లాసులన్నీ విని, ఆ ఒక్క పని మరిచి పరీక్ష రాయలేకపోయేవాళ్లు ఉంటారు.

6. తిరిగొచ్చేముందు

మార్కుల పత్రం ఎవరు, ఎప్పుడు, ఏ చిరునామాకు పంపుతారో కనుక్కోండి. ప్రతి సబ్జెక్టు సిలబస్, మీరు రాసిచ్చిన అసైన్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. అక్కడి విద్యార్థి అకౌంట్ మూసేశాక వాటిని తెరవలేరు.