ఉభాల (వరినాట్ల) ముందు నెలలు నిండిన ఆడపిల్లలు, కోడళ్లు ఉన్న ఇళ్లకు

మొన్న జ్యేష్ఠంలో మా పక్కూరి కోడలు, ఎనిమిదో నెల, చోళ్లు (రాగులు) చెరిగి చేట పక్కన పెట్టి పీట మీంచి లేచింది. తుంటి ఎముక విరిగింది. జారిపడలేదు, ఎవరూ తోయలేదు, లేచింది అంతే. అప్పటికి మూడు వారాలుగా కుంటుతోంది. ఇంటిల్లిపాదీ చూస్తూనే ఉన్నారు. "ఏటీ కాదే, పొట్ట బరువు. నడు, నడిస్తేనే కాన్పు సులువు" అంది అత్తగారు. ఆవిణ్ణి అనడానికి నాకు నోరు రాదు. ఇన్నేళ్లు నర్సుగా ఊళ్లు తిరుగుతూ ఆ మాట నేనెంతమందికి చెప్పానో!

చెకప్పులు, సూదులు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఏ నొప్పికి భయపడాలి?
నడుం, పిరుదుల వెనక నొప్పి నెలలు నిండేకొద్దీ చాలామందికి వస్తుంది. నేను చెప్పేది గజ్జలో, తొడ ముందువైపు వచ్చేది. కాలు మోపితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది, మనిషిని కుంటిస్తుంది. ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే వస్తుంది. తుంటి కీలులో ఎముక కొన్నాళ్లు గుల్లబారుతుందన్నమాట. అరుదే. బరువు పడకుండా కాచుకుంటే పురుడయ్యాక కొన్ని నెలల్లో చాలామందికి దానంతటదే గట్టిపడుతుంది. కాచుకోకపోతే తొడ ఎముక పైన, తుంటి కీలు కిందుండే సన్నటి భాగం దగ్గర విరగొచ్చు, అప్పుడిక ఆపరేషనే.

అందుకే కుంటుతూ నడవకండి.

డాక్టరు దగ్గర
"పురుడయ్యాక చూద్దాం" అంటే ఊరుకోకండి, ఎముకల డాక్టరుకి చూపించండి. ఎక్స్‌రే మొదట్లో మామూలుగానే కనబడొచ్చు. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలుండవు, రంగు మందు ఎక్కించకుండా గర్భిణులకూ తీస్తారు. వాకరు ఇస్తే సిగ్గుపడకుండా వాడాలి. నలుగురూ చూస్తారని దాన్ని గుమ్మం వెనక దాచిన పిల్లని నేనెరుగుదును.

కాల్షియం
కడుపులో బిడ్డ తల్లి నుంచి దాదాపు 30 గ్రాముల కాల్షియం తీసుకుంటుంది, అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే. మాత్రలు 14వ వారం నుంచి రోజుకు రెండు, పురుడయ్యాక 6 నెలల దాకా. ఐరన్ మాత్రతో కలిపి వేస్తే ఐరన్ సరిగా ఒంటబట్టదు, రెండు గంటల ఎడం ఉండాలి. చోడి అంబలి, నువ్వులు, ముల్లుతో నమిలే చిన్న చేపలు మన ఇళ్లలో ఉన్నవే. అయితే మాత్ర వేసుకుంటున్నాను కదా అని కుంటుతూ నడిస్తే ఆ మాత్ర కాపాడదు.

ఇక వరసగా చెప్తాను.
ఉద్దానం వైపు కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరునడక్కుండా కాల్షియం వేసుకోవద్దు.
ఆకుతీతకి (నారు పీకడానికి) పంపొద్దు. మడిలో కాలు దిగబడితే లాగేటప్పుడు తుంటి మీదే పడుతుంది.
బిందె చంకనెత్తొద్దు.
పీట వద్దు, కుర్చీ వెయ్యండి.
తుంటి మీద నూనె పోసి తోమించొద్దు.
మందుల షాపు నొప్పిబిళ్ల అసలే వద్దు, చివరి నెలల్లో కొన్ని బిడ్డ గుండెకి చేటు.
కుంటుతూ నడవొద్దు. నడిపించొద్దు.
పథ్యమని బాలింతకి పాలు, పెరుగు మానిపించొద్దు.
పురుడయ్యాక ఉన్నట్టుండి నడివీపులో నొప్పి పట్టేస్తే వాతమనకండి. వెన్నుపూస నలిగిందేమో చూపించండి.
లేవలేని మనిషిని చంకలు పట్టి నిలబెట్టొద్దు. ఆటోలో కుదేసి తీసుకుపోవద్దు. 108కి చేసి, బండి వచ్చేదాకా కదపకండి.