బెంగళూరు తెలియాలంటే ఒక కథ పట్టుకుని తిరగండి

మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఏళ్లుగా ఉంటున్న మనవాళ్లలో చాలామందికి బెంగళూరంటే ఇల్లు, ఆఫీసు, మధ్యలో ట్రాఫిక్. పిల్లలకైనా ఊరు సరిగ్గా చూపించాలనుకుంటే, స్థానికులు చెప్పుకునే కథ ఒకటి తీసుకుని అది జరిగిందన్న చోటికే వెళ్లండి. "అనగనగా ఒక రాజు" రకం ఇక్కడ పనికిరాదు, గుడో చెరువో కోటగుమ్మమో వేలు పెట్టి చూపించగలగాలి.

మొదట బసవనగుడిలోని పెద్ద బసవన్న గుడి, అది సులువు. చేలో పడి శనక్కాయలు మేస్తున్న ఎద్దుని రైతు కొడితే రాయైపోయిందట, ఆ రాయి పెరుగుతూ పోతుంటే నెత్తిన త్రిశూలం దించారట. మామూలు ఆదివారం వద్దు, కార్తీకం ఆఖరి సోమవారం కడలెకాయి పరిషె, అంటే శనక్కాయల జాతర జరుగుతుంది, అప్పుడెళ్లండి. రోడ్డు పొడవునా శనక్కాయల గుట్టలు చూశాక అక్కడ ఒకప్పుడు చేలుండేవని పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత కోరమంగళ. 1537లో ఈ ఊరు కట్టించిన కెంపేగౌడ కోట కట్టిస్తుంటే గుమ్మం ఎన్నిసార్లు నిలబెట్టినా కూలిపోయేదని, బలి కావాలన్నారని, కడుపుతో ఉన్న కోడలు లక్ష్మమ్మ ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి తనే ప్రాణం ఇచ్చేసిందని చెబుతారు. ఆమె సమాధి కోరమంగళలో ఉంది. అనంతపురం వాళ్లకైతే ఇది వినగానే బుక్కరాయసముద్రం ముసలమ్మ గుర్తొస్తుంది, చెరువు కట్ట తెగకుండా బలైపోయిన ఆవిడా కోడలే. (రెండు ఊళ్లలోనూ కోడలే ఎందుకు? పిల్లలు తప్పకుండా అడుగుతారు, మాట దాటేయకండి.) మీ ఊరి కథని ఇలా ఇక్కడి కథ పక్కన పెట్టి పోల్చి, ఎక్కడ ఏది కూలుతోందో చూడండి. అక్కడ నీళ్ల భయం, ఇక్కడ శత్రువు భయం.

ఎవరినైనా అడిగేటప్పుడు "ఇది నిజమేనా?" అనకండి, పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. "ఎక్కడ జరిగింది?" అంటే మాత్రం పూజారి దగ్గర్నుంచి పూలమ్మే ఆవిడ దాకా చెయ్యి చాపి చూపిస్తారు.

చివరికి కరగ, అంటే ద్రౌపదమ్మ పేరిట పూలతో అలంకరించిన కుండని నెత్తిన పెట్టుకుని సాగే ఊరేగింపు. చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరే ద్రౌపదమ్మ కరగ, మస్తాన్ సాహెబ్ దర్గా దగ్గర ఆగి మరీ వెళ్తుంది. సంపంగి చెరువు చాలావరకు పోయి కంఠీరవ స్టేడియం వచ్చినా, అక్కడ మిగిలిన చిన్న గుంట దగ్గర కరగ పూజలు మాత్రం ఇప్పటికీ చేస్తారు, అదీ చూపించండి. ఊరేగింపు కదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది కాబట్టి పిల్లల్ని పగలు కాసేపు పడుకోబెట్టండి, కారు మాత్రం పేట సందుల్లోకి తీసుకెళ్లకండి.