రాయిలా ఎండిన బంకమట్టిని పారేయకండి

నలుగురిలో కూర్చుంటే అరగంటకే నీరసపడిపోయే రకం నేను. సాయంత్రం ఇంటికి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా కాసేపు మట్టి పిసుక్కుంటే మనసు కుదుటపడుతుంది. ప్రమిదలు, చిన్న గిన్నెలు, అంతే. చిక్కల్లా మా తిరుపతి ఎండలతోనే. కవరు మూతి సరిగా కట్టకపోతే రెండు రోజుల్లో ముద్ద రాయైపోతుంది. పలమనేరు నుంచి మోసుకొచ్చిన మట్టిని అలా రెండుసార్లు పారేశాను కూడా.

నిజానికి అలా ఎండిన మట్టిని మళ్లీ మెత్తగా చేసుకోవచ్చు. సగం తడి ఉన్న ముద్దను నీళ్లలో వేస్తే పైపైన జారుతుంది, లోపల గడ్డ అలాగే ఉంటుంది. అందుకే, వినడానికి తిక్కగా ఉన్నా, ముందు దాన్ని పూర్తిగా ఎండనివ్వాలి. తర్వాత పాత గుడ్డలో చుట్టి సుత్తితో ఉసిరికాయంత ముక్కలుగా కొట్టండి. గుడ్డ ఉంటే దుమ్ము అంతగా ముక్కులోకి పోదు. బకెట్లో వేసి, పైన రెండు వేళ్ల మందం నిలిచేలా నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. కలపొద్దు. కలిపితే బయట జిగురై లోపలికి నీళ్లు దిగవు. పొద్దున పైతేట వంచేసి, ఇటుకల మీద పాత పంచె పరిచి దాని మీద మట్టిని వేలెడు మందాన పరచండి. ఇటుకలు నీళ్లు లాగేస్తాయి. నీడలోనే సుమా, మిద్దె మీద కాదు. మధ్యలో తిరగేస్తూ, వేలికి అంటనప్పుడు ఎత్తి చపాతీ పిండిలా పది నిమిషాలు పిసికి, గట్టిగా కట్టి దాచుకోండి.

ఒకసారి కాల్చిన పెంకులు మాత్రం ఎన్నాళ్లు నానబెట్టినా కరగవు. వంచిన తేటను సింకులో పోశారంటే పైపు పూడుకుపోతుంది, మొక్కల మొదట్లో పోయండి.